స్టాంపు కింద పీట

ఆ రోజు నేను చేయాల్సిన పనులు ఇవి:

తపాలా సంచి విప్పి ఉత్తరాలను బ్యారక్కుల వారీగా వేరు చేయాలి.
ప్రతి ఉత్తరమూ చదివి, అభ్యంతరం లేకపోతే మూల మీద సంతకం పెట్టాలి.
ఖాళీ కవర్లు చింపి బుట్టలో పడేయాలి.
కొత్త ఉత్తర్వు ప్రకారం, పడేసే ముందు స్టాంపు ఉన్న ప్రతి కవరునూ దీపపు బల్ల మీద పెట్టి చూడాలి.
విడుదల కమిటీకి వెళ్ళే ఫైళ్ళను భోజనం గంట లోపు సూపరింటెండెంటు గారి గదికి చేర్చాలి.
ఇంటికెళ్ళేటప్పుడు నాన్న మోకాళ్ళకు తైలం కొనాలి.

దీపపు బల్ల దగ్గరే నా పని ఆగిపోయింది.

నేను జైల్లో తపాలా గుమాస్తాను. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. నాన్న కలప అడితిలో దుంగలు మోసి చదివించాడు. ఉద్యోగం వచ్చిన రోజు అమ్మ వీధంతా మిఠాయి పంచి, ఇంట్లోకొచ్చి మెల్లగా అంది: "జైల్లో ఉద్యోగమని చెప్పకే. జైలు ఆఫీసులో అని చెప్పు." అప్పట్నించీ అలాగే చెబుతున్నాను. రాసే ప్రతి మాటా జాగ్రత్తగా రాస్తాను. నా సంతకం కింద తప్పు దొరికితే అడితి దాకా వినపడుతుందని నా భయం.

లోపలున్నవాళ్ళకు ఉత్తరం ఇస్తాం, కవరు ఇవ్వం. అది పాత నియమం. ఒక్కరికి మాత్రం తలకిందులుగా జరిగేది. ఆయనకు కవరే ఇచ్చేవాళ్ళం, ఎందుకంటే లోపల ఉత్తరం ఉండేది కాదు.

ఆయన్ని అందరూ పెయింటరన్న అంటారు. బయట దుకాణాలకు బోర్డులు రాసేవాడట. లోపలికొచ్చాక వంటశాల బోర్డూ, ఆసుపత్రి బోర్డూ, 'నిశ్శబ్దం పాటించండి' బోర్డూ అన్నీ ఆయన చేతివే. లైబ్రరీలో ఎప్పటిదో ఒక పత్రిక తిరగేస్తుంటే కవర్ల మార్పిడి బృందం ప్రకటన కనపడింది. ఏడాది చివర తపాలా శాఖ పండుగ స్టాంపు వేస్తుంది కదా, ఆ స్టాంపు అంటించి, దాని చుట్టూ కవరంతా బొమ్మ వేసి, ముద్ర చక్కగా పడేలా చూసి, ఒకరికొకరు పంపుకునేవాళ్ళు వాళ్ళు. స్టాంపు మీద ఉన్న బొమ్మ అంచు దగ్గర ఆగిపోకూడదు, కవరు మీదికి పారాలి. స్టాంపులో పక్షి ఉంటే కవరు మీద దాని ఆకాశం ఉండాలి. లోపల ఒక్క అక్షరం రాయకూడదు. చెప్పేదేదైనా పైనే చెప్పాలి.

పెయింటరన్న అప్పటి పెద్ద సారు దగ్గర అనుమతి తీసుకుని చేరాడు. మా జైలు చిరునామా బయటివాళ్ళకు ఒక పోస్టు బాక్సు నెంబరు మాత్రమే. ఆ బృందంలో ఆయనకు జతపడింది ఒక డ్రాయింగు టీచరమ్మ. రిటైరైపోయింది, ఈ ఊరే. ఏళ్ళుగా ఆవిడ కవరు రావడం, ఈయన కవరు పోవడం. ఇక్కణ్నించి పోతోందని ఆవిడకు తెలియదు. ఈయన చెప్పలేదు. రాయడానికి వీల్లేదు కాబట్టి చెప్పలేదనడానికి సాకు కూడా ఉంది.

మా హెడ్ వార్డరుని తాళాల బాబాయి అంటాం. నడుస్తుంటే నడుం దగ్గర తాళాలు మోగుతాయి, ఆ మోత లేకపోతే ఆయనకు అడుగు పడదు. ప్రతి ఏడాదీ ఆయనదొకటే మాట: "లోకమంతా పండు తిని తొక్క పారేస్తుంది. వీడు తొక్క కావాలంటాడు. పోనీ లోపల పండుందా అంటే అదీ లేదు."

ఈ ఏడాది స్టాంపు మీద ఒక కిటికీ, కిటికీలో దీపం. టీచరమ్మ ఆ కిటికీకి గోడ కట్టింది, గోడకు మెట్లు కట్టింది, మెట్ల కింద ఒక సందు, సందులో తడిసిన రాళ్ళు, ఆ రాళ్ళ మీద దీపపు వెలుగు. చేత్తో పట్టుకుంటే అక్కడ నిజంగా వాన వెలిసినట్టే ఉంది. నేను కాసేపు చూసి, నియమం గుర్తొచ్చి, బల్ల మీద పెట్టి కింద దీపం వేశాను.

స్టాంపు కింద ఒక నల్లటి చతురస్రం కనపడింది.

స్టాంపు కన్నా కాస్త చిన్నది. వేలితో తడిమాను. స్టాంపు కాగితం మీద కాక దేని మీదో కూర్చున్నట్టు ఎత్తుగా ఉంది. దీపం ఆర్పి మళ్ళీ వేశాను. అక్కడే ఉంది.

వేరే ఏదో జైల్లో స్టాంపు వెనక మత్తుమందు దాచి పంపారట. అందుకే ఈ బల్ల వచ్చింది, ఆ ఉత్తర్వు వచ్చింది. స్టాంపు కింద ఏ పొర కనిపించినా కవరు ఆపాలి, నివేదిక రాయాలి, పరీక్షకు పంపాలి. పరీక్ష తేలేదాకా ఆ ఖైదీ పేరు ముందు 'విచారణలో ఉంది' అని పడుతుంది. అలా పడినవాళ్ళ ఫైలు విడుదల కమిటీ తెరవదు.

కమిటీ ఏడాదికొకసారి కూర్చుంటుంది. ఆ రోజే కూర్చుంటోంది. వెళ్ళే ఫైళ్ళలో పెయింటరన్నది ఒకటి.

నా చేతిలో కలం ఉంది. ఎదురుగా కవరుంది. గదిలో ఇంకెవరూ లేరు. కవరు పక్కన పెట్టి రేపు చూశానని రాయొచ్చు. ఆ ఆలోచన రాలేదని అనను. కానీ ఆ నల్లటిది ఏమిటో నాకు తెలియదు. ఆయన బొమ్మలు బాగుంటాయి కాబట్టి ఆయన కవర్లో ఏమీ ఉండదని నేనెలా సంతకం పెడతాను? నివేదిక రాశాను. ఇప్పుడడిగినా అదే రాస్తాను.

రాశాక ఉత్తర్వు మళ్ళీ మొదట్నించి చివరిదాకా చదివాను. చిట్టచివరి పేరాలో ఒక మాట ఉంది: పంపినవారు స్వయంగా వచ్చి, అధికారి ఎదుట తమ చేత్తో విప్పి చూపితే, పరీక్ష అక్కర్లేదు.

రెండూ పట్టుకుని సూపరింటెండెంటు గారి గదికెళ్ళాను. ఆయన నివేదిక చదివి కళ్ళద్దాలు తీశారు.

"ఇవాళే దొరకాలా అమ్మా ఇది?"

"ఇవాళే వచ్చింది సార్."

"రాసి మంచి పని చేశావు. అతని రాత బాలేదు, అంతే."

చివరి పేరా చూపించాను. ఆయన పెదవి విరిచారు. "పంపినావిణ్ణి ఇప్పుడు ఎక్కణ్నించి పట్టుకొస్తావు?"

"ఊళ్ళోనే సార్. కవరు వెనక చిరునామా ఉంది."

"మనిషిని పంపి, వెతికి, ఒప్పించి తెచ్చేసరికి తెల్లారుతుంది. ఫోను నెంబరుందా?"

"పెయింటరన్న దగ్గర ఉండొచ్చు. బృందం వాళ్ళు సభ్యుల వివరాలు అచ్చేసి పంపుతారు."

ఆయన గోడ గడియారం చూశారు. "కమిటీ భోజనాలయ్యాక కూర్చుంటుంది. అతని ఫైలు అన్నిటికీ అడుగున పెడతాను. అంతవరకే నా చేతిలో ఉన్నది. ఆఖరి ఫైలయ్యాక వాళ్ళు లేస్తే కుర్చీ పట్టుకుని కూర్చోబెట్టలేను."

పెయింటరన్నని ఊచల వరండాలోకి పిలిపించాను. గడ్డం గీసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. కమిటీ ముందుకెళ్ళే రోజు అందరూ అలాగే వస్తారు, పెళ్ళిచూపులకు వచ్చినట్టు. పక్కన తాళాల బాబాయి.

విషయం చెప్పాను. ఆయన మొహంలో భయం కనపడలేదు, ముందు నవ్వొచ్చింది.

"అది పీట మేడం."

"పీటా?"

"రంగు మీద స్టాంపు నిలవదు. గరుగ్గా ఉంటుంది, జిగురు పట్టదు, సంచిలో రాసుకుని ఊడిపోతుంది. అందుకని ముందు ఒక కాగితం ముక్క అంటించి, దాని మీద స్టాంపు కూర్చోబెడతాం. మా వాళ్ళంతా దాన్ని పీట అంటారు. టీచరమ్మ ఎప్పుడూ నల్ల కాగితమే వాడతారు."

"ఇన్నేళ్ళూ నాకు కనపడలేదే?"

"ఎప్పుడూ పీట పెద్దది, స్టాంపు చుట్టూ నల్లంచులా బయటికే కనపడేది. ఈసారి చిన్నదిగా కోసి ఉంటారు. స్టాంపు గాల్లో తేలినట్టుంటుందని." అలా అంటూ, ఆ తేలడం ఎలా ఉందో చూడాలన్నట్టు నా చేతి వైపు చూశాడు. కవరు నా దగ్గర లేదు.

"ఆ మాట నువ్వు చెబితే చాలదన్నా. ఆవిడ వచ్చి విప్పి చూపాలి. ఫోన్ నెంబరివ్వు."

నవ్వు పోయింది. ఊచ పట్టుకున్నాడు.

"వద్దు మేడం."

"ఏం?"

"ఆవిడకు నేనెక్కడున్నానో తెలియదు."

"తెలిస్తే ఏమవుతుంది?"

"ఈ లోకంలో నన్ను ఖైదీ అనుకోని మనిషి ఆవిడొక్కరే. నా కూతురికీ తెలుసు, మా అక్కకీ తెలుసు, మీకూ తెలుసు. ఆవిడ ఒక్కతే నన్ను పెయింటరనుకుంటుంది. ఇంకో ఏడాదే కదా. ఉంటాను. అలవాటైన చోటే."

నా ఉద్యోగం కవరు ఆపడం వరకే, మనిషిని ఒప్పించడం కాదు. తాళాల బాబాయి మాత్రం ఊరుకునే రకం కాదు.

"ఏరా, త్యాగమా? గేటు బయట బెంచీ మీద నీ కూతురు పొద్దున్నించీ కూర్చునుంది. ఒళ్ళో కొత్త చొక్కా. మా వాడెవడో అడిగితే, 'నాన్న బయటికొచ్చే రోజుకి' అని చెప్పిందట. పద, నిన్ను గేటు దాకా తీసుకెళ్తాను. ఆ చొక్కా ఇంకో ఏడాది మడత పెట్టి ఉంచమని నీ నోటితో నువ్వే చెప్పు. పోస్టులో ఎవరో టీచరమ్మ నన్ను మంచివాడనుకుంటోంది, దానికోసమని కూడా చెప్పు. పద."

"బాబాయ్..."

"బాబాయి లేడు, బెల్లం లేదు. పద మరి."

పెయింటరన్న కదల్లేదు. ఊచ మీద వేళ్ళు ఒక్కొక్కటే వదిలాడు. తర్వాత గోడ వైపు తిరిగి, ఎవరికీ కాదన్నట్టు, నెంబరు చెప్పాడు. కాగితం చూడనక్కర్లేకపోయింది. ఎప్పుడూ చేయని నెంబరు కంఠతా వచ్చు.

ఫోను మోగీ మోగగానే ఎత్తారు. నేను కవరు గురించి అనగానే ఆవిడ, "ముద్ర పక్కకి పడిందా?" అని అడిగారు. "నాకు తెలుసు. కౌంటర్లో కొత్తమ్మాయి. వద్దు తల్లీ మెల్లగా వెయ్యి అన్నా, దోమను కొట్టినట్టు కొట్టింది."

"ముద్ర బాగానే ఉందండీ." ఎక్కణ్నించి మాట్లాడుతున్నానో చెప్పాను. ఎందుకు చేశానో చెప్పాను. ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అటు వైపు కుక్కరు కూత వినపడింది. ఆవిడ ఆపలేదు. అది కూస్తూనే ఉంది.

"పోస్టు బాక్సు చూసి ఏదో పెద్ద ఆఫీసనుకున్నానమ్మా," అన్నారు చివరికి.

"పెద్ద ఆఫీసేనండీ."

"నేను రాకపోతే?"

"ఆయన ఫైలు ఈ ఏడాది తెరవరండీ."

ఇంకేమీ అడగలేదు. వస్తానని కూడా అనలేదు. ఫోను పెట్టేశారు.

భోజనం గంట కొట్టారు. ఫైళ్ళు చేర్చాను. కమిటీ వాళ్ళ కార్లొచ్చాయి. వరసలో ఉన్నవాళ్ళను వరండా బెంచీ మీద కూర్చోబెట్టారు, పెయింటరన్న చివర్న. నేను గేటు దగ్గరకీ గదికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. గేటు పక్క కిటికీలోంచి ఆయన కూతురు కనపడింది. చొక్కా సంచి గుండెకానించుకుని, గేటు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంటోంది. నన్ను చూసి, "మా నాన్నది అయిందా మేడం?" అని అడిగింది. "ఇంకా లేదమ్మా" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ మాట అని కిటికీ దగ్గర్నించి తప్పుకున్నాను.

ఆటో వచ్చి ఆగింది. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు ముడి, భుజాన గుడ్డ సంచి. దిగి గేటు మీది బోర్డు వైపు తలెత్తి చూశారు. అది పెయింటరన్న రాసిన బోర్డే. అక్షరాల మీద ఆవిడ చూపు ఎక్కువసేపు నిలిచింది.

సోదా దగ్గర సంచిలోవన్నీ బల్ల మీద పెట్టించారు. చిన్న పింగాణీ పళ్ళెం, కుంచె, పీల్చుడు కాగితం, సన్నటి పట్టకారు.

"పట్టకారు లోపలికి రాదమ్మా," అన్నాడు గేటు వార్డరు.

"అది లేకుండా స్టాంపు ఎలా లేపుతాను నాయనా? పళ్ళతోనా?"

"మొన గలవి రావు. రూలు."

ఆవిడ నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. అది నిజంగానే రూలు. పట్టకారు అక్కడే వదిలేసి నా వెనకే నడిచారు.

వరండాలో బెంచీ ముందు నుంచే వెళ్ళాలి. ఖైదీలు కాళ్ళు లోపలికి తీసుకున్నారు. పెయింటరన్న తల దించుకునే ఉన్నాడు కాబట్టి ఆయనకు ముందు కనపడినవి ఆవిడ చేతులు. గోళ్ళ అంచుల్లో ఇండిగో రంగు, ఎంత తోమినా పోనిది. ఆయన భుజాలు బిగుసుకోవడం నేను చూశాను. ఆవిడకు మాత్రం ఆ వరసలో ఎవరెవరో తెలియదు. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ, ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయారు.

గదిలో సూపరింటెండెంటు గారు, నేను, సాక్షిగా తాళాల బాబాయి. బల్ల మీద కవరు పెట్టాను. పక్కన పళ్ళెంలో నీళ్ళు పోశాను. పక్క గదిలో కమిటీ. తలుపు తెరిచినప్పుడల్లా కుర్చీల చప్పుడు వస్తోంది.

సూపరింటెండెంటు గారు, "చెప్పండమ్మా, ఏముంది దీని కింద?" అన్నారు.

"పీట. నల్ల కాగితం ముక్క."

"విప్పి చూపించండి."

ఆవిడ కవరును చేతిలోకి తీసుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అడిగారు.

"ఏం చేశాడు ఆయన?"

సూపరింటెండెంటు గారు నా వైపు, నేను ఆయన వైపు చూశాం. "దానికీ దీనికీ సంబంధం లేదండీ," అన్నారు ఆయన.

"నాకుంది. ఏళ్ళ తరబడి ఎవరికి బొమ్మలు వేశానో తెలుసుకోకుండా నీళ్ళలో చెయ్యి పెట్టను."

"టైం లేదమ్మా."

"అందుకే త్వరగా చెప్పండి."

అటెండరు తలుపు తోసి తల లోపలికి పెట్టాడు. "ఇంకో రెండు ఫైళ్ళున్నాయి సార్, ఆ తర్వాత ఇదే." తలుపు మూసుకుంది.

తీర్పు బహిరంగమే, దాచడానికేమీ లేదు. సూపరింటెండెంటు గారు ఆఫీసు గొంతుతోనే చెప్పారు. పెయింటరుకి జతగా ఒకాయన పనిచేసేవాడు. రంగులు కలిపేది ఆయన, పరంజా కట్టేది ఆయన, నిచ్చెన పట్టుకునేది ఆయన. బోర్డు అయ్యాక అడుగున మూలలో పెయింటరు తన సంతకం పెట్టుకుంటాడు. ఆ రోజు నిచ్చెనాయన అడిగాడట, ఈసారి నా పేరు కూడా పెట్టు, నీ పేరు కిందే చిన్నగా పెట్టు అని. పెయింటరు నవ్వాడు. నిచ్చెన పట్టుకున్నవాడి పేరు కూడానా అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆయన్ని పరంజా మీద నుంచి తోశాడు. పడ్డాక దిగొచ్చి, ప్రాణం పోయేదాకా కర్రతో మళ్ళీ కొట్టాడు.

ఆఖరి మాట సారు చెప్పకపోయినా బాగుండేదనుకున్నాను. కానీ తీర్పులో ఉంది. ఆవిడ అడిగారు.

తాళాల బాబాయి నడుం దగ్గర తాళాల గుత్తిని చేత్తో పట్టుకున్నాడు, మోగకుండా.

టీచరమ్మ కవరు వైపు చూస్తున్నారు. తాను వేసిన కిటికీనీ, మెట్లనీ, తడి రాళ్ళనీ కొత్తగా చూస్తున్నట్టు. ఆ మొహంలో జాలి వెతికాను. దొరకలేదు. కోపమైతే ఉంది. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళిపోతే ఆపడానికి మా దగ్గర ఏ రూలూ లేదు.

"ఆ నిచ్చెనాయనకి ఎవరున్నారు?"

"భార్య, కొడుకు. అప్పట్లో."

"ఇప్పుడెక్కడున్నారు?"

"మా దగ్గర లేదమ్మా. ఇక్కడ ఇతని ఫైలు ఉంటుంది కానీ, వాళ్ళది ఉండదు."

అటెండరు మళ్ళీ వచ్చాడు. "ఇదే ఆఖరుది సార్. అడుగుతున్నారు."

"ఒక్క నిమిషం అని చెప్పు."

"చెప్పాను సార్. చైర్మన్ గారు బండి తెమ్మన్నారు."

నేను పుట్టి బుద్ధెరిగి ఎవరి చేతుల వైపూ అంతగా చూసి ఉండను. ఆవిడవి ఒళ్ళోనే ఉన్నాయి. ఎడమ చేతి బొటనవేలు కుడి గోరు అంచును గీరుతోంది.

"నేను పెట్టింది నల్ల కాగితం ముక్క," అన్నారు ఆవిడ. మాతో అంటున్నట్టు లేదు. "ఆయన మంచివాడైతే అది కాగితమూ, చెడ్డవాడైతే మందూ అయిపోదు కదా. తెలిసిన నిజం దాచుకుని ఇంటికి పోతే నేను బడిలో ఏం చెప్పినట్టు?"

కుంచె తడిపారు. స్టాంపు మీద నీళ్ళు పెట్టారు, ఒక్క చుక్క అటూ ఇటూ పోకుండా. కానీ నీళ్ళు మాట వింటాయా? అంచు దాటి గోడ మీదికి పాకాయి. గోడ కరిగి మెట్ల మీదికి జారింది. రాళ్ళ మీద వెలుగు ముందు బూడిదగా, తర్వాత బురదగా మారింది. ఆవిడ ఆగలేదు. గోరుతో మూల లేపారు. స్టాంపు చిరిగితే దానికేదో అంటుకుని వచ్చిందంటారు, అది మళ్ళీ పరీక్షకే పోతుంది. ఊపిరి బిగబట్టి, మెల్లగా, చిరగకుండా మొత్తం లేపారు. పీల్చుడు కాగితం మీద బోర్లా పడుకోబెట్టారు. వెనక వైపు జిగురు తప్ప ఏమీ లేదు.

కింద నల్లటి ముక్క.

"అదీ తీయాలండీ," అన్నారు సూపరింటెండెంటు గారు.

"అది మైదా పిండితో అంటించాను. తీస్తే కవరు చిల్లు పడుతుంది."

"తీయాలి."

ఆవిడ మళ్ళీ నీళ్ళు పెట్టారు. ఈసారి పొదుపుగా కాదు. గోటితో గీకారు. కాగితం పోగులు పోగులుగా లేచింది. పీట ఊడొచ్చింది, దానితో పాటే కవరు పై పొరా ఊడొచ్చింది. ఆ ముక్కను దీపపు బల్ల మీద పెట్టాను. రెండు వైపులా చూశాం. నల్ల కాగితం. తాళాల బాబాయి ముక్కు దగ్గర పెట్టుకుని, "పిండి వాసన," అన్నాడు.

"రాయి," అన్నారు సూపరింటెండెంటు గారు.

రాశాను. నా చేతిరాత ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది, ఆ రోజు ఒక్క వరసా తిన్నగా రాలేదు. ఆయన సంతకం, ఆవిడ సంతకం, సాక్షి సంతకం. పక్క గదిలో కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడైంది. సూపరింటెండెంటు గారు సిరా ఆరని కాగితం పట్టుకుని పరిగెత్తారు. ఆ మనిషి పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

తలుపు సందులోంచి ఎవరో విసుక్కోవడం, సారు బతిమాలడం వినపడ్డాయి. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. కాసేపటికి కుర్చీలు మళ్ళీ ముందుకు జరిగాయి. పెయింటరన్నని లోపలికి పిలిచారు.

టీచరమ్మ పళ్ళెం కడుక్కుని, తుడుచుకుని సంచిలో పెట్టుకున్నారు. కవరు బల్ల మీదే ఉంది, మధ్యలో చిల్లుతో. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"ఫలితం తెలిసేదాకా కూర్చుంటారా?" అన్నాను.

"నేను వచ్చిన పని అయింది."

"ఆయనకేమైనా చెప్పమంటారా?"

ఆలోచించారు. "ఏముంది చెప్పడానికి? నేనేమనుకుంటున్నానో నాకే తెలియదు. తెలియనిది నీతో ఏం చెప్పిస్తాను?"

గేటు దాకా నడిచాను. పట్టకారు తిరిగిచ్చారు. బయట బెంచీ మీద ఆ పిల్ల లేచి నిలబడింది, కూర్చుంది. టీచరమ్మ ఆ పిల్లను చూశారు, సంచిలోంచి కనపడుతున్న కొత్త చొక్కా చూశారు. ఎవరని అడగలేదు. అర్థమయ్యే ఉంటుంది.

ఆటో ఎక్కబోతూ నా వైపు తిరిగారు.

"ఈయన కోసం ఇవాళ ఎంతమందిమి పరిగెత్తాం అమ్మాయ్. నువ్వు, మీ సారు, ఆ తాళాలాయన, నేను. ఆ పిల్ల పొద్దున్నించీ ఎండలో కూర్చుంది. పరిగెత్తాల్సిందే, కాదనను. ఆ నిచ్చెనాయన్ని మాత్రం ఈ గోడల మధ్య ఎవరైనా తలుచుకుంటారా?"

"అది మా పనిలో లేదండీ," అన్నాను.

"పనిలో లేకపోతే పని అయ్యాక తలుచుకోవచ్చు. చదువుకున్నదానివి. ఎక్కడో ఒకచోట రాయి."

కమిటీ ఒప్పుకుంది. కాగితాలు అటూ ఇటూ తిరిగాక పెయింటరన్న ఆ చొక్కా వేసుకునే బయటికెళ్ళాడు. భుజాల దగ్గర వదులు. కూతురు ఆయన్ని ఊచల అవతలి నుంచి చూసి కొలత వేసుకుంది మరి. వెళ్ళే ముందు నన్ను అడిగాడు, ఆవిడ ఏమన్నారని. టీచరమ్మ అన్నది అన్నట్టే చెప్పాను, నిచ్చెనాయన గురించి అడిగిన మాటతో సహా. నీళ్ళలో కరిగిపోయిన బొమ్మ ఎలా ఉండేదో కూడా చెప్పాను. "రాళ్ళ మీద వెలుగు పడిందన్నారు కదా, ఏ రంగు వాడారు?" అని అడగబోయాడేమో, నోరు తెరిచి మూసేసి, "సరే మేడం," అని వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరి మధ్య ఇప్పుడు కవర్లు నడుస్తున్నాయో లేదో నాకు తెలియదు. మా పోస్టు బాక్సుకి మాత్రం మరి రాలేదు.

నా పని అయ్యాకే ఇది రాశాను. ఆవిడ రాయమన్నారు కాబట్టి రాశాను. ఒక ఊళ్ళో ఒకాయన ఉండేవాడు. రంగులు ఆయన కలిపితేనే కుదిరేవట, అది కూడా తీర్పులోనే ఉంది, దుకాణం వాళ్ళెవరో సాక్ష్యంలో చెప్పారు. ఆ వీధిలో సగం బోర్డులకు ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు. దేని మూలనా ఆయన పేరు లేదు. మీరు దారిన పోతూ పాత బోర్డేదైనా చూస్తే, దాని మీద రంగు ఇంకా వెలవకుండా ఉంటే, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.